మూత మీరే తియ్యాలి

చెంచా పెదవులకు తగిలేదాకా తీసుకెళ్ళింది ఖుయెన్. బాంగ్ నోరు తెరవలేదు. జావ గడ్డం మీదుగా జారి, మెడ కింద పరిచిన తువ్వాలులోకి ఇంకింది. ఆమె తుడిచి మళ్ళీ చెంచా ముంచింది. ఈసారి అతను ముఖమే గోడవైపు తిప్పేసుకున్నాడు.

"పందిమాంసం పొడి చల్లానండీ. మీకిష్టమని చిన్ తెచ్చిచ్చింది. ఒక్క చెంచా."

గోడ మీద పెచ్చులూడిన సున్నం తప్ప చూడ్డానికేమీ లేదు. అయినా దాన్నే చూస్తున్నాడు. వానాకాలంలో పక్షవాతం వచ్చి కుడివైపంతా పడిపోయి, మాట కూడా పోయినప్పుడు, మంచాన్ని పాటల మెషిన్‌కి ఎదురుగా జరపమని ఎడమచేత్తో చూపించింది అతనే. అప్పట్నుంచి రోజూ మధ్యాహ్నం ఆమె ఒక రికార్డు పెట్టేది. పాత సంగీత నాటకాలవి. నాయిక గొంతు ఏడుపుకీ పాటకీ మధ్యన సాగుతూ ఉంటే అతని వేలు దుప్పటి మీద తాళం వేసేది. పాట అయ్యాక బుద్ధిగా నోరు తెరిచేవాడు.

ఇప్పుడు మెషిన్ చచ్చిపోయింది. చంపింది తనే.

కొత్త సంవత్సరం, తేత్ పండగ, దగ్గర పడుతోందని ఆమె ఇల్లు దులిపింది. పంకా రెక్కలు, పూర్వీకుల పీఠం, చివర్న మెషిన్ ఉన్న బల్ల. అది జపాను యాంప్లిఫయరు, నూరు వోల్టులకు మించి తట్టుకోదు. ఇక్కడ గోడలో ఉండేది రెండొందల ఇరవై. అందుకని గోడకీ సెట్టుకీ మధ్య బూడిదరంగు ఇనప పెట్టె ఒకటి, కరెంటు జోరును తగ్గించేది, ఎప్పుడూ ఉండాలి. పెట్టె లేకుండా ప్లగ్గు గోడకు పెడితే మెషిన్ బూడిదవుతుందని పెళ్ళయిన కొత్తలో బాంగ్ ఆమెకు నేర్పాడు. అన్నం ఎలా వండాలో కూడా అంత కచ్చితంగా ఎవరూ నేర్పలేదు. ఆ రోజు మాత్రం నడుము లాగేస్తోంది, పొయ్యి మీద జావ పొంగుతోంది. బల్లను జరిపి, తుడిచి, మళ్ళీ నెట్టి, ప్లగ్గు పెట్టి మీట నొక్కింది. లోపల చిటుక్కుమంది. దీపం వెలగలేదు. కాలికేదో తగిలితే వంగి చూసింది. బూడిదరంగు పెట్టె నేల మీదే ఉంది.

ఆమె తలెత్తేసరికి బాంగ్ చూస్తున్నాడు. ఆమెను చూశాడు, పెట్టెను చూశాడు, మెషిన్‌ని చూశాడు. తర్వాత ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. అలా తిప్పుకున్నవాడు మళ్ళీ ఇటు తిరగలేదు. బలవంతాన రెండు మూడు చెంచాలు దిగితే గొప్ప.

జావ గిన్నె పట్టుకుని ఆమె గుమ్మంలోకి వచ్చింది. పక్కింటి చిన్ సందు మొగలో తన నూడుల్స్ బండికి ఎముకల పులుసు మోసుకుపోతూ ఆగింది.

"ఇవాళ కూడా తినలేదా? నా మొగుడు పోయిన రోజు నేను రెండు గిన్నెలు తిన్నానక్కా. ఈయనేమిటి, డబ్బా పోతే నిరాహారదీక్షా?"

"నేనే పాడుచేశాను చిన్. అందుకే కోపం."

"కోపమొస్తే తిట్టాలి. తిట్టలేడు కాబట్టి తినడు. సరే, ఎవరికైనా ఇచ్చి బాగుచేయించు."

"ఎవరికిస్తాను? ఉడకబెట్టేస్తారు."

ఉడకబెట్టడమంటే ఏమిటో సైగాన్ సందుల్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు. బాగుకిచ్చిన సెట్టు మూత తీసి, లోపలి మంచి సరుకు పీకి అమ్ముకుని, నాసిరకం బిగించి, అదే మూత మూసి తిరిగిచ్చేయడం. చిన్ కుండలో ఎముకలాగే. పైకి ఎముకే, సారమంతా ఎవరో తాగేసి ఉంటారు. అలాంటి ఊళ్ళో బాంగ్ సెట్టు ఉడకని సెట్టు. ఆదివారాలు అతని స్నేహితులు చెప్పులు బయటే విప్పి వచ్చి, టీ కప్పులు చప్పుడు కాకుండా కింద పెట్టి, కళ్ళు మూసుకుని వినేవాళ్ళు. "అసలు సరుకు మోత వేరు," అనేవాళ్ళు. బాంగ్ తల పంకించేవాడు. మూత మీద మాత్రం ఎవర్నీ చెయ్యి వెయ్యనిచ్చేవాడు కాదు.

ఇనప తలుపు తాళంచెవి ఖుయెన్ మెడలో నల్లదారానికి ఉంటుంది. అతను పనికి వెళ్ళే రోజుల్లో మెషిన్‌కి కాపలా ఆమే. తల్లి పోయినప్పుడు పడవలో ఏరు దాటి వెళ్ళి, మట్టి వెయ్యగానే తిరుగు బస్సెక్కింది. చెల్లెళ్ళు ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తుంటే ఆమె బస్సు ఎక్కడిదాకా వచ్చిందోనని రోడ్డు కేసి చూసింది. రేవులో చెల్లెలు చెయ్యి ఊపుతూ నిలబడడం ఇప్పటికీ కళ్ళు మూస్తే కనబడుతుంది. తను తిరిగి చెయ్యి ఊపిందో లేదో గుర్తులేదు.

*

చిన్ కబురు పెడితే తోవాన్ అనే కుర్ర మెకానిక్ వచ్చాడు. మోటారుసైకిలు మీద, మెడలో హెడ్‌ఫోన్లతో. చెప్పులతోనే లోపలికి రాబోయి, ఖుయెన్ చూపు చూసి విప్పాడు.

"అబ్బో, మ్యూజియం పీసు పిన్నీ! ఇలాంటిది నేను ఫొటోల్లోనే చూశా." మూత మీద అరచెయ్యి వేసి నిమిరాడు, గేదెను బేరమాడేవాడిలా. "షాపుకి తీసుకెళ్ళాలి. పండగలోపు ఇచ్చేస్తా."

"ఇక్కడే చెయ్యి బాబూ. నేను పక్కన కూర్చుంటా."

"ఇక్కడ ఎలా కుదురుతుంది? సామానంతా అక్కడుంది. నన్ను నమ్మవా?"

"నమ్మకమని కాదు. తీసుకెళ్ళే ముందు లోపల ప్రతిదాని మీదా సంతకం పెట్టుకుంటాను. తెచ్చాక చూసుకుంటాను."

తోవాన్ నవ్వాడు. "సంతకాలా? పిన్నీ, నువ్వు సంతకాలు పెట్టేసరికి తేత్ దాటిపోతుంది. పోనీ వేలిముద్ర వెయ్యి."

మంచం మీంచి చప్పుడు వచ్చింది. బాంగ్ ఇటు తిరగలేదు కానీ ఎడమచేత్తో మంచం పట్టీని కొడుతున్నాడు. ఠప్, ఠప్, ఠప్. గొంతులోంచి ఊఁ ఊఁ అని వస్తోంది.

"ఆయన వద్దంటున్నారు," అంది ఖుయెన్.

"ఆయనొద్దు, నువ్వొద్దు. మరి నన్నెందుకు పిలిచారు, టీ ఇవ్వడానికా? అదీ ఇవ్వలేదు," అని తోవాన్ చెప్పులేసుకున్నాడు.

అతను పోయాక కూడా మంచం పట్టీ మీద చప్పుడు ఆగడానికి చాలాసేపు పట్టింది. ఖుయెన్ అతని చెయ్యి పట్టుకుంది. "ఇవ్వనండీ. ఎవ్వరికీ ఇవ్వను. ఇంట్లోనే చేయిస్తాను, కన్ను తియ్యకుండా చూస్తాను. ఇటు తిరగండి." అతను చెయ్యి లాక్కున్నాడు.

*

మర్నాడు చిన్‌ని బాంగ్ దగ్గర కూర్చోబెట్టి ఆమె ఎలక్ట్రానిక్ సామాన్ల బజారుకి వెళ్ళింది. గల్లీ పొడుగునా మూతలూడిన సెట్లే. పండగకి పాటల పోటీలు పెట్టుకునేవాళ్ళు తెచ్చిన యాంప్లిఫయర్లు ఒకదాని మీదొకటి పేర్చి ఉన్నాయి. టంకం పొగ కళ్ళలో గుచ్చుకుంటోంది. ప్రతి దుకాణం ముందూ పొట్టి ప్లాస్టిక్ స్టూళ్ళ మీద ఖాతాదార్లు కూర్చుని ఉన్నారు. ఎవరూ మాట్లాడుకోవడం లేదు. అందరి కళ్ళూ మెకానిక్ వేళ్ళ మీదే ఉన్నాయి. ఒకావిడ ఒడిలో పిల్లాడు ఏడుస్తుంటే చూపు తిప్పకుండానే వాడి నోట్లో బిస్కట్టు పెట్టబోయి ముక్కుకి పెట్టింది.

చివరి స్టూలు మీద ఒక ముసలాయన గోళ్ళరంగు సీసా పట్టుకుని, విప్పిన సెట్టులో ఒక్కొక్క భాగం మీదా ఎర్రచుక్క పెడుతున్నాడు.

"మీ ఆవిడదా సీసా?" అనడిగింది ఖుయెన్.

"కోడలిది. దానికింకా తెలీదు," అన్నాడాయన బ్రష్షు ఎత్తకుండానే. "పెన్నుతో పెడితే తుడిచేస్తున్నారమ్మా. ఇది పోదు. ప్రొద్దుటినుంచీ ఇక్కడే కూర్చున్నా, మూత్రానిక్కూడా లేవలేదు. నీదేది, వట్టిచేతుల్తో వచ్చావు?"

ఆమె చెప్పింది. మంచం పట్టిన మనిషి సంగతి, ఇల్లు వదలలేని సంగతి. చెబుతుంటే తన గొంతు తనకే అడుక్కుంటున్నట్టు వినిపించింది.

"ఇక్కడ నమ్మదగ్గవాళ్ళెవరు?"

"ఇక్కడ నమ్మేవాళ్ళే లేరు, నమ్మదగ్గవాళ్ళెక్కడ్నుంచి వస్తారు?" ఆయన సీసా మూత బిగించాడు. "హియెన్ అని ఒకడున్నాడు. దుకాణం లేదు, ఇంటికే వస్తాడు. తిక్కమనిషి. చెప్పినట్టు చేస్తే పని చేస్తాడు, లేకపోతే సంచీ సర్దుకుని పోతాడు. ఒకటి మాత్రం చెప్పగలను. వాడు వచ్చి వెళ్ళాక ఎవరూ ఏడవలేదు."

ఆయన నంబరు చెబుతుంటే పక్క దుకాణంవాడు తెరలోంచి తల బయటపెట్టాడు. "హియెనా? వాడు పని చెయ్యడమ్మా, నీతో చేయిస్తాడు. జీతం మాత్రం వాడు తీసుకుంటాడు." స్టూళ్ళ మీద ఉన్నవాళ్ళు నవ్వారు, కళ్ళు తిప్పకుండానే.

ఇంటికొచ్చేసరికి చిన్ గుమ్మంలో నిలబడి ఉంది. "ఒక్క చుక్క నీళ్ళు కూడా తాగలేదక్కా. మందు కూడా ఉమ్మేశాడు. నువ్వు వేగిరం ఏదో ఒకటి చెయ్యి. మనిషి పోయాక మెషిన్ మోగితే ఏం లాభం?"

*

హియెన్ యాభై దాటినవాడు. నేల మీద పాత పత్రిక పరిచి, దాని మీద ఒక స్క్రూడ్రైవర్ మాత్రం పెట్టాడు. సంచీ తీసుకెళ్ళి గుమ్మం అవతల పెట్టి వచ్చాడు.

"అక్కా, మూత మీరే తియ్యాలి."

"నాకేం చాతవుతుంది బాబూ?"

"స్క్రూ ఇటు తిప్పితే ఊడుతుంది. చేపపొలుసు గీకే చేతికి ఇదెంత పని?" చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. "ఒకసారి ఒకాయనింట్లో మూత నేను తీశాను. లోపల అప్పటికే ఉడికిపోయి ఉంది. నన్ను వీధిలో నిలబెట్టి చొక్కా విప్పించి వెతికారు. మా ఆవిడ అప్పుడే కూరలకొచ్చి చూసింది. అప్పట్నుంచి మూత ఇంటివాళ్ళే తియ్యాలి, లోపల మొదట ఇంటివాళ్ళే చూడాలి. ఇష్టమైతే చెప్పండి, లేకపోతే వెళ్తా."

ఖుయెన్ పత్రిక మీద కూలబడింది. మొదటి స్క్రూ మొండికేసింది. రెండోది కిర్రుమని కదిలింది. వెంటనే మంచం పట్టీ మీద ఠప్, ఠప్ మొదలైంది. ఇంతకుముందులా కాదు. మంచమే కదిలేట్టు కొడుతున్నాడు బాంగ్.

"ఇక్కడే ఉన్నానండీ, చూస్తూనే ఉన్నాను. ఈయన ముట్టుకోవట్లేదు, నేనే తీస్తున్నా," అంటూనే ఆమె చివరి స్క్రూ విప్పి మూత పైకెత్తింది. పాత దుమ్ము, కాలిన మైనంలాంటి వాసన. చిన్ దగ్గర అడిగి తెచ్చుకున్న గోళ్ళరంగు సీసా తెరిచి, అన్నిటికంటే పెద్దదిగా కనబడిన ఇనపదిమ్మ మీద చుక్క పెట్టబోయింది.

"ఆగండక్కా," అన్నాడు హియెన్. వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. "రంగు దండగ చేసుకోకండి."

"ఏం?"

"ఇది జపానుది కాదు. ఇక్కడ మన వీధుల్లో తీగ చుట్టి చేసింది. పక్కన ఆ రెండు దిమ్మలూ అంతే. అసలువి ఎప్పుడో పోయాయి."

"తోవాన్! ఆ కుర్రాడు చెయ్యి వేశాడు! కానీ మూత తియ్యలేదే..."

"నిన్నా మొన్నా పని కాదిది. చుట్టిన గుడ్డ పట్టీ చూడండి, పసుపెక్కి పెళుసైపోయింది. ఇలాంటి పట్టీ దొరకడం మానేసి ఎన్నేళ్ళయిందో." హియెన్ గొంతు తగ్గించాడు. "ఇంకోటి. ఇది రెండొందల ఇరవైకే చుట్టారు. తిన్నగా గోడకు పెట్టుకునేదే."

"అయితే నేను కాల్చలేదా?"

"ఏదీ కాలలేదక్కా. ఇదిగో, టంకం ఎండి పగిలింది. మీరు దులిపేటప్పుడు బల్ల జరిపి ఉంటారు, ఊడింది. మీరు కాకపోతే బయట లారీ వెళ్ళినా ఊడేదే."

ఆమెకు నవ్వు వచ్చింది. నవ్వు పెదవుల మీదకి రాకముందే ఆమె చూపు బూడిదరంగు పెట్టె మీద పడింది.

"మరి అదెందుకు?"

"అదే నాకూ తెలీట్లేదు. అది కూడా మీరే విప్పండి."

పెట్టె అడుగున రేకు విప్పింది. గోడ నుంచి వచ్చే తీగ లోపల ఎక్కడా ఆగకుండా తిన్నగా రెండో పక్కకి వెళ్ళిపోయింది. మధ్యలో ఒక గుడ్డమూట. పైకి తీసింది. బరువుగా ఉంది. పెట్టె బరువు తూగడానికి పెట్టిన సగం ఇటుక. చప్పుడు కాకుండా గళ్ళ గుడ్డలో చుట్టి, పురికొసతో కట్టారు. ముడి రెండు ఉచ్చులది, కొస మధ్యలోంచి దూర్చి కిందికి లాగి ఉంది. దోమతెర తాళ్ళకి బాంగ్ ప్రతి రాత్రీ అదే ముడి వేసేవాడు. వానాకాలం నుంచీ ఆ పని ఆమెదే. ఎంత ప్రయత్నించినా ఆమె వేసిన ముడి జారిపోతుంది.

మంచం పట్టీ మీద చప్పుడు ఆగిపోయింది.

ఆమె తల తిప్పింది. బాంగ్ ఇటు తిరిగి ఉన్నాడు. ఇన్నాళ్ళకి ఇటు తిరిగాడు. ఆ కళ్ళలో కోపం లేదు. కోపం ఎప్పుడూ లేదని ఆమెకు అర్థమైంది. ఆ రోజు ప్లగ్గు పెట్టినందువల్ల ఏమీ కాదని తెలిసిన మనిషి ఇంట్లో ఒకడే. ఆమె నిర్దోషి అని తెలిసీ ముఖం తిప్పుకుని పడుకున్నాడు. ఆమె మెకానిక్ కోసం పరిగెడితే మూత తెరుచుకుంటుంది. తెరుచుకోకుండా ఉండాలంటే అతనికి మిగిలినవి గోడా, మంచం పట్టీ.

లోపలి అసలు సరుకు ఎప్పుడు అమ్ముకున్నాడో. బియ్యంలో పశువుల జొన్నలు కలిపి వండుకున్న ఏళ్ళున్నాయి. ఒకసారి ఆమెకు జ్వరమొచ్చి తగ్గకపోతే ఎక్కడిదో మందు తెచ్చాడు. ఊరికే కొత్త సైకిలు కొన్న ఏడూ ఉంది. పందెం కోళ్ళ వెంట తిరిగిన ఏడూ ఉంది. దేనికోసమైనా కావచ్చు. ఆమె అడగలేదు. అతను చెప్పలేడు. తల్లి మీద మట్టి వేసి పరిగెత్తుకొచ్చింది ఈ ఇటుక కోసమా, అప్పటికింకా అసలు సరుకే ఉందా అన్నది కూడా ఇక తెలియదు.

హియెన్ ఎటో చూస్తూ నిలబడ్డాడు. తర్వాత గుమ్మం అవతలికి వెళ్ళి సంచీ తెచ్చుకున్నాడు. టంకం కడ్డీ వేడెక్కింది. సన్నటి పొగ లేచింది. అతని వేళ్ళ మీద కన్ను వెయ్యాలని ఖుయెన్‌కి గుర్తురాలేదు. ఒళ్ళో ఇటుక పెట్టుకుని మంచం కేసే చూస్తోంది. బాంగ్ కళ్ళు తిప్పుకోలేదు. మంచం పట్టీని గట్టిగా పట్టుకున్నాడు, పడవ అంచు పట్టుకున్నట్టు.

దీపం వెలిగింది. హియెన్ మెల్లగా అడిగాడు. "పెట్టె మళ్ళీ ఎప్పట్లాగే బిగించమంటారా అక్కా? కావాలంటే బిగిస్తా. నేనెక్కడా అనను."

బిగించమంటే సరిపోతుంది. రేపు చిన్ వచ్చి చూస్తుంది, ఆదివారం స్నేహితులెవరైనా వస్తారు, పెట్టె పెట్టె చోటే ఉంటుంది. ఇనప తలుపు, మెడలో తాళంచెవి, అన్నీ వాటి చోట్లే ఉంటాయి.

"బాబూ, ఒకటి అడుగుతాను. గట్టిగా చెప్పు, ఆయనకి వినబడాలి," అంది ఖుయెన్. "ఇందులో దొంగ ఎత్తుకుపోయేంతది ఏమైనా ఉందా?"

హియెన్ మంచం కేసి చూశాడు. మెషిన్ కేసి చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"లేదక్కా."

"సరే."

ఆమె రికార్డు తీసి తుడిచి పళ్ళెం మీద పెట్టింది. ప్లగ్గు తిన్నగా గోడకు పెట్టింది. ముల్లు దించకుండా, జావ గిన్నె తెచ్చి బాంగ్ ఎడమచేతికి అందేట్టు స్టూలు మీద పెట్టి, చెంచా దాని పక్కన పెట్టింది. తువ్వాలు మెడ కింద సర్దింది.

"ఎడమచెయ్యి బాగానే ఉంది మీకు. మంచం విరిగేట్టు కొట్టారుగా," అంది. "నేను బయటికెళ్ళొస్తాను. మెషిన్‌ని మీరు చూసుకోండి."

మెడలోంచి తాళంచెవి తీసి మేకుకి తగిలించింది. గాలికి మూసుకుపోయే ఇనప తలుపుకి ఇటుక అడ్డం పెట్టింది.

"అక్కా, నేనింకా సర్దుకోలేదు. ఇంట్లో ఎవరూ లేకుండా నన్నొక్కడినీ..." హియెన్ నిజంగానే కంగారుపడ్డాడు.

"ఆయనున్నారుగా. సర్దుకుని, ముల్లు దించి వెళ్ళు. తలుపు వెయ్యకు."

*

చిన్ బండి దగ్గర స్టూలు మీద ఖుయెన్ ఎప్పుడూ కూర్చోలేదు. ఎప్పుడూ గిన్నె పట్టుకెళ్ళి పోయించుకుని వచ్చేసేది. కూర్చుంటే మోకాళ్ళు గడ్డం దాకా వచ్చాయి.

చిన్ గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయింది. "ఏమైందక్కా? మెషిన్ దగ్గరెవరు?"

"మీ బావ."

"మెకానిక్కు?"

"ఉన్నాడు. కొంచెం మిరపకాయలు ఎక్కువ వెయ్యి."

పులుసు పొగలు కక్కుతోంది. మొదటి గుటక నాలుక కాల్చింది. రెండోది మింగుతుండగా సందులోంచి పాట వచ్చింది. నాయిక గొంతు. ఇన్నేళ్ళూ గదిలో, మంచం పక్కన నిలబడి విన్నదే. బయటినుంచి వింటే ఆ గొంతు చిన్నగా, ఎవరో పక్కింటి మనిషిదిలా ఉంది. బాగానే ఉంది. అసలు సరుకుకీ దీనికీ తేడా తనకెప్పుడూ తెలియలేదు. ఆదివారం స్నేహితులకీ తెలియలేదు.

హియెన్ మోటారుసైకిలు సందులోంచి వచ్చి బండి పక్కన ఆగింది.

"తలుపు తీసే ఉంచాను. బావగారు తింటున్నారు."

ఆమె చేతిలో నూడుల్స్ తినే పుల్లలు ఆగాయి. "తింటున్నారా?"

"ఎడమచేత్తో. సగం మీద పోసుకుంటున్నారు. నేను పట్టబోతే చెయ్యి తోసేశారు."

"తుడుస్తాలే. వచ్చాక."

అతను వెళ్ళిపోయాడు. ఆమె నూడుల్స్ నెమ్మదిగా తింది. చల్లారినా తింది. రోడ్డు మీద పండగకి పూలకుండీలు మోసుకుపోయే బళ్ళు పోతున్నాయి. ఒక బండి మీద చెల్లెలు చెయ్యి ఊపిన ఆ పడవరేవు ఊరి పేరు రాసి ఉంది. అది మలుపు తిరిగేదాకా చూసింది.

పాట అయిపోయింది. రికార్డు చివర్న ముల్లు తిరుగుతోంది. టిక్, టిక్, టిక్. సందు మొగదాకా వినబడుతోంది. ఎవరో ఒకరు వెళ్ళి ముల్లు ఎత్తి పక్క మార్చేదాకా అది అలా కొట్టుకుంటూనే ఉంటుంది.

ఆమె మోకాళ్ళు లేవడానికి వాటంతటవే కూడదీసుకున్నాయి.

"అయిపోయినట్టుందక్కా, రికార్డు," అంది చిన్.

"వినబడింది," అంది ఖుయెన్. మోకాళ్ళ మీద చేతులు పెట్టి వాటిని కిందికి నొక్కింది. "ఒక ఐస్ టీ పొయ్యి. పెద్ద గ్లాసు."